పున్నాగ అడిగితే పున్నాగే ఇచ్చారు

మా పెద్దమామయ్య ఫోన్ చేసి అడిగింది ఒక్కటే. "చెన్నైలో ఉన్నావు కదమ్మాయ్, గుడికి ఒక పొన్న మొక్క సంపాదించుకురా."

అమ్మమ్మ వాళ్ల ఊరు రేపల్లె దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడి వేణుగోపాలస్వామి గుడి ఆవరణలో ఒకప్పుడు పెద్ద పొన్న చెట్టు ఉండేదట. 1977 ఉప్పెనకు ఊళ్లో సగం ఇళ్లు పోయినా అది పోలేదు. ఆ తర్వాత పదిహేనేళ్లకు, కళ్యాణమండపానికి అడ్డం వస్తోందని ఊరివాళ్లే కొట్టేశారు. ఇప్పుడు మళ్లీ పెడదామని అందరికీ బుద్ధి పుట్టింది.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి ముందు నిఘంటువు తీశాను. పొన్న అంటే పున్నాగము అని ఉంది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. పున్నాగ నాకు తెలియకపోవడమేమిటి! మా స్కూలు ప్రహరీ పక్కనే ఉండేది. ఆకాశం దాకా పెరిగిన చెట్టు. ప్రేయర్ బెల్ కొట్టకముందే వెళ్తే, కిందంతా పొడుగు కాడల తెల్లటి పూలు పరిచినట్టు ఉండేవి. దారం అక్కర్లేదు, సూది అక్కర్లేదు. కాడను కాడలోకి మడిచి జడలా అల్లేసి, తల్లో పెట్టుకుని ప్రేయర్‌కి పరిగెత్తేవాళ్లం.

ఊరికి వెళ్తూ దారిలో ఒక నర్సరీ దగ్గర ఆగి "పున్నాగ ఉందా బాబూ?" అని అడిగాను. ఉందన్నాడు. కారు డిక్కీలో పట్టనంత మొక్క. వెనక సీట్లో పడుకోబెట్టి, ఆకులు విరగకుండా నా చున్నీ చుట్టి మరీ తీసుకెళ్లాను.

మామయ్య అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చూశాడు. "ఇది పున్నాగేనే. పొన్న తెమ్మంటే పున్నాగ తెచ్చావేం?"

"రెండూ ఒకటే మామయ్యా, నిఘంటువులో ఉంది."

"నిఘంటువుకి ఆకు కనపడుతుందా? ఇది చూడు, వేపాకులా ముక్కలు ముక్కలుగా ఉంది. పొన్నాకు ఒకటే ఆకు, ఇంత మందాన, నూనె రాసినట్టు ఉంటుంది."

అత్తయ్య వంటింట్లోంచి నవ్వడం నాకు వినపడుతూనే ఉంది.

ఇందులో తప్పెవరిది? నిఘంటువు తప్పు కాదు. సంస్కృతంలో పున్నాగం అన్నది మన పొన్ననే. నర్సరీ కుర్రాడి తప్పూ కాదు. మన ఊళ్లలో ఆడపిల్లలు నోరారా పున్నాగ అని పిలిచేది అతను ఇచ్చిన చెట్టునే. దాన్నే ఆకాశమల్లె అనీ కాడమల్లె అనీ కూడా అంటారు. శాస్త్రీయ నామం మిల్లింగ్టోనియా హార్టెన్సిస్. బర్మా, ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చి మన బడుల్లో, పార్కుల్లో స్థిరపడిన చెట్టు. పొన్నతో దానికి చుట్టరికం ఏమీ లేదు. తెల్ల పువ్వు, మంచి వాసన, అంతవరకే పోలిక. ఎప్పుడో ఒకప్పుడు పుస్తకంలోని పేరు వచ్చి వీధిలోని చెట్టుకు తగులుకుంది. అసలు చెట్టేమో రెండక్షరాల పొట్టి పేరుతో సముద్రం ఒడ్డున మిగిలిపోయింది.

ఈ సంగతి తెలిశాక నాకు కొత్తగా మతం పుచ్చుకున్నట్టయింది. ఎవరు పున్నాగ పూలు అన్నా "అది పున్నాగ కాదండీ" అంటూ మొదలుపెట్టేదాన్ని. ఒకసారి పెళ్లిలో ఇలాగే దంచుతుంటే మా బావ అడ్డుకున్నాడు. "అరవై ఏళ్లుగా మా అమ్మ పున్నాగ అంటోంది. నువ్వొచ్చి కాదంటే ఆవిడ జడలో పూలు మారిపోతాయా?" అన్నాడు. ఆ రోజు కోపం వచ్చింది కానీ, ఇప్పుడు బావ మాటే సగం నిజమనిపిస్తుంది. మాట వాడేవాళ్లది. కోస్తాలో పున్నాగ అంటే ఆకాశమల్లే, దాన్ని నేను మార్చలేను, మార్చాల్సిన పనీ లేదు.

నేను ఒప్పుకోనిది మిగతా సగం. "పేరేదైతే ఏముంది, చెట్టు చెట్టేగా" అన్నాడు చూడండి, అది. పేరుతో తంటా లేకపోవచ్చు. చెట్టును చెట్టుగా చూడ్డం మానేస్తేనే తంటా. పేరు దొరకగానే చూడ్డం ఆపేశాను నేను. నర్సరీలో ఆ మొక్క ఆకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు పొన్నను నేను చూసింది ఆ తర్వాత ఆరు నెలలకు, మైలాపూర్‌లో. కపాలీశ్వరుడి గుడికి పదేళ్లుగా వెళ్తున్నాను. అక్కడి స్థలవృక్షం పున్నై. పార్వతీదేవి నెమలి రూపంలో ఆ చెట్టు కిందే శివుణ్ణి పూజించిందని స్థలపురాణం. మయిల్ అంటే తమిళంలో నెమలి, మైలాపూర్ పేరు దాన్నుంచే వచ్చిందంటారు. పదేళ్లుగా ఆ చెట్టు పక్కనుంచి నడుస్తూనే ఉన్నాను. తమిళంలో పున్నై, మలయాళంలో పున్న, కన్నడంలో హొన్నె, తెలుగులో పొన్న. నాలుగు భాషలు ఒకే చెట్టును చూపించి చెబుతుంటే నేను నిఘంటువులో వెతికాను!

ఎలా గుర్తుపట్టాలో ఇప్పుడు చెబుతాను. పువ్వు దగ్గర మొదలుపెట్టొద్దు. అందరూ చేసే పొరపాటు అదే. పువ్వు ఏడాదిలో కొన్ని రోజులే ఉంటుంది. పైగా నాలుగు తెల్ల రేకులు, మధ్యలో గుత్తిగా పసుపుపచ్చ కేసరాలు ఉన్న పువ్వు మరో రెండు మూడు చెట్లకు కూడా ఉంది. ఆకు పట్టుకోండి. కింద రాలిందైనా చాలు.

ఆ ఆకును ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకోండి. నడి ఈనె నుంచి అంచు దాకా రెండు వైపులా సన్నటి గీతలు కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఒకటి, దాదాపు లంబంగా, లెక్కపెట్టలేనన్ని. మామిడాకులో ఈనెలు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో వల ఉంటుంది. ఇక్కడ వల కనపడదు. నాకైతే వెంటనే అరటాకు గుర్తొచ్చింది. అరటాకును జానెడుకు కుదించి, తోలులా మందం చేసి, పైన మెరుగు పెడితే పొన్నాకు. అరటాకును ఈనె వెంబడి చించినంత సులువుగా ఇదీ అడ్డంగా చిరుగుతుంది. కొస మొనదేలి ఉండదు, గుండ్రంగా ఉంటుంది, ఒక్కోసారి కొంచెం నొక్కినట్టు కూడా ఉంటుంది.

కార్ల్ లినేయస్ 1753లో ఈ చెట్టుకు పెట్టిన పేరు కేలోఫిల్లం ఇనోఫిల్లం. గ్రీకులో మొదటి మాటకు అందమైన ఆకు అని అర్థం. రెండో మాటకు నారల ఆకు, ఈనెల ఆకు అని. ఇంత సువాసన గల పువ్వును పక్కన పెట్టి, పేరులో రెండు ముక్కలూ ఆకుకే ఇచ్చాడాయన. మా మామయ్యకు లాటిన్ రాదు. కానీ అరుగు మీద నుంచి ఆయన చూసింది కూడా ఆకునే.

ఆకు తర్వాత అమరిక చూడాలి. కొమ్మ మీద ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. ఒక జంట తూర్పు పడమరలుగా ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. లేత కొమ్మ గిల్లితే జిగట పాలు వస్తాయి, కంట్లో పడకుండా చూసుకోండి. పాలు మర్రికీ వస్తాయి కదా అంటారేమో, మర్రికి ఆకులు జంటలుగా ఉండవు. కాయ గుండ్రంగా, ఆకుపచ్చగా, పెద్ద గోళీ అంత ఉంటుంది. పండితే పసుపు రంగుకు తిరిగి, ఎండితే గోధుమరంగులో ముడతలు పడుతుంది. లోపల గట్టి పెంకు, దానిలో పప్పు ఉంటాయి. ఆ పప్పు తినకూడదు, విషం. ఎండబెడితే మాత్రం నూనె ఊరుతుంది. ముదురాకుపచ్చ రంగులో చిక్కగా ఉండే ఆ నూనెతో తీరం పొడవునా దీపాలు పెట్టుకున్నారు, కీళ్ల నొప్పులకు రాసుకున్నారు. ఇప్పుడు అదే నూనె 'తమాను' అనే పసిఫిక్ దీవుల పేరుతో చిన్న సీసాలో అమ్ముతుంటే మా చెల్లెలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మొహానికి రాసుకుంటోంది. "ఇది మన పొన్న నూనేనే" అన్నాను. నమ్మలేదు.

చెట్టు రూపం కూడా చెప్పాలి. ఒడ్డున పెరిగిన పొన్న నిటారుగా ఉండటం అరుదు. మొదలు వంగి, కొమ్మలు కిందనుంచే చాపి, నీటి వైపు ఒరుగుతుంది. ఆకులు దట్టం, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. కాయ నీళ్లలో తేలుతుంది. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా సముద్రమే ఈ విత్తనాన్ని మోసుకెళ్లింది. లోతట్టుకు గబ్బిలాలు చేరవేస్తాయి.

ఇక్కడొక పక్కమాట. గోపికల చీరలెత్తుకుని కృష్ణుడు ఎక్కిన చెట్టు సంస్కృత భాగవతంలో నీపం, అంటే కడిమి. తెలుగువాళ్లం మాత్రం ఆయన్ని పొన్న ఎక్కించాం. క్యాలెండర్ బొమ్మల్లో, పాటల్లో అదే చెట్టు. కొన్ని గుళ్లలో బ్రహ్మోత్సవాలకు పొన్న వాహనం ఉంది. శాస్త్రం పట్టుకుని ఇది తప్పు అనొచ్చు. కానీ కడిమి నిటారుగా, ఎత్తుగా పెరిగే చెట్టు. చేతికందే కొమ్మలు, ఏటివైపు ఒరిగిన మొదలు, లోపల మనిషి కూర్చుంటే కనపడనంత ఆకు, ఈ పనికి పొన్నను మించింది లేదు. దొంగతనం తెలిసినవాళ్లే ఆ మార్పు చేసుంటారు.

దాయాదుల గురించి, పోలికతోనో పేరుతోనో మోసం చేసేవాటి గురించి కూడా నాలుగు ముక్కలు. సురపొన్న పశ్చిమ కనుమల చెట్టు, దాని ఆకు కూడా మందంగా, జంటగా ఉంటుంది, కానీ ఎండకు పెడితే గీతల బదులు సన్నటి వల కనిపిస్తుంది. పూలు ముదురు కొమ్మల మీద గుత్తులుగా పూస్తాయి. నాగకేసరానికి పువ్వు అచ్చం పొన్నలాగే ఉంటుంది, ఆకు మాత్రం సన్నగా, మొనదేలి, కింద బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది. చిగురు ఎర్రన. పొగడకు ఆకులు జంటగా ఉండవు, అంచులు అలల్లా ఉంటాయి. ఇక ఉప్పుపొన్న.

ఉప్పుపొన్న దగ్గర నేను రెండోసారి మోసపోయాను. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పడవ మీద వెళ్తుంటే, పడవ నడిపే ఆయన ఒడ్డువైపు చూపించి "అది తెల్లమడ, అది తిల్ల, ఇదిగో ఇది ఉప్పుపొన్న అమ్మగారూ" అన్నాడు. పొన్న అనగానే లేచి నిలబడ్డాను, పడవ ఊగింది. దగ్గరికెళ్తే ఆకు మందంగానే ఉంది, మెరుస్తోంది, జంటగానే ఉంది. పేరెందుకొచ్చిందో అర్థమైంది. కానీ కొసన సూదిలాంటి మొన. ఈనెల గీతలు లేవు. కింద చూస్తే, కాండం నుంచి వంపులు తిరిగి బురదలోకి దిగిన ఊతవేర్లు. కొమ్మకు ములక్కాడల్లా వేలాడుతున్న మొలకలు. అది రైజోఫోరా. ఉప్పునీటి బురదలో నిలబడే చెట్టు. పొన్న ఇసుక చెట్టు, ఉప్పుగాలిని తట్టుకుంటుంది గానీ రోజుకు రెండుసార్లు ఆటుపోట్లలో మునగమంటే దాని వల్ల కాదు. ఆ పడవాయన మడల్లోనే తెల్లది వేరు, నల్లది వేరు, విలవమడ వేరు అని చెప్పాడు. మనం మాత్రం అన్నిటినీ కలిపి మడ అడవి అనేసి ఫొటో తీసుకుని వచ్చేస్తాం.

"ఫోన్‌లో యాప్ ఉంది కదా, ఫొటో తీస్తే పేరు చెబుతుంది" అని మా అబ్బాయి అంటాడు. వాడాను. గుడి ముందు నిలబడి దూరం నుంచి చెట్టు ఫొటో తీస్తే ఏదో మర్రి జాతి అంది. రాలిన ఆకును ఎండకు పెట్టి తీస్తే సరిగ్గా చెప్పింది. అంటే ఏం చూపించాలో తెలిసినవాళ్లకే అది సాయపడుతుంది.

ఇంత పట్టింపు ఎందుకు అనేవాళ్లకు బోర్నియోలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1987లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కోసం కొత్త మందులు వెతుకుతూ, సరవాక్‌లోని చిత్తడి అడవిలో పొన్న కుటుంబానికే చెందిన ఒక చెట్టు కొమ్మలు, ఆకులు సేకరించారు. ప్రయోగశాలలో చూస్తే అందులోని పదార్థం ఎయిడ్స్ కలిగించే హెచ్‌ఐవీని అడ్డుకుంది. కెలనొలైడ్ ఏ అని పేరు పెట్టి 1992లో ప్రకటించారు. ఇంకా కావాలని తిరిగి వెళ్లేసరికి ఆ చెట్టు లేదు. ఎవరో కొట్టేశారు. చుట్టుపక్కల అలాంటివే కనపడ్డ చెట్ల నుంచి సేకరించి తెస్తే ఆ గుణం లేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నవి ఒకటి కాదు. చివరికి సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో, ఎప్పుడో నాటిన అదే జాతి చెట్లు ఉండబట్టి పని ముందుకు సాగింది. చెట్టు చెట్టేగా అనే మా బావకు ఈ కథ చెప్పాను. "ఆ చెట్టు కొట్టేసినవాడికి పేరు తెలుసుంటే మాత్రం ఆగేవాడా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్లో పొన్నను కొట్టినవాళ్లకు పేరు బాగా తెలుసు.

కానీ ఆ ఊళ్లో మళ్లీ పొన్న కావాలని అడిగింది కూడా పేరు తెలిసినవాళ్లే. మా మామయ్య తరం దాటితే అడిగేవాళ్లు ఉండరు. అడగని మొక్కను ఏ నర్సరీ పెంచుతుంది? మా తీరం పొడవునా ఇప్పుడు కనపడేది సరుగుడు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల చెట్టు. నాలుగైదేళ్లలో నరికి అమ్ముకోవచ్చు. రైతుకు డబ్బు కావాలి, దాన్ని నేను తప్పు పట్టను. పొన్న నెమ్మదిగా పెరుగుతుంది, దాన్ని నమ్ముకుని అప్పు తీర్చలేరు. కానీ తుపాను గాలికి అడ్డుగా నాటే వరసల్లో, ఎవరూ నరికి అమ్ముకోని చోట్ల, గుడి దగ్గర, బడి దగ్గర, బీచ్ రోడ్డు పక్కన కూడా సరుగుడు, లేకపోతే ఎక్కడిదో పూల చెట్టు పెట్టడమెందుకు? ఇసుక, ఉప్పుగాలి, ఎదురెండ, ఈ మూడింటికీ అలవాటుపడ్డ చెట్టు పక్కనే ఉండగా? అడిగితే "ఆ మొక్కలు దొరకవండీ" అంటారు. ఎందుకు దొరకవో పైనే చెప్పాను.

బడి పుస్తకాల మీద కూడా నాకు కోపం ఉంది. పత్రహరితం, కిరణజన్య సంయోగక్రియ, జాలాకార ఈనెల వ్యాపనం, సమాంతర ఈనెల వ్యాపనం అన్నీ బట్టీ పట్టించారు. పరీక్షలో 4 మార్కులు తెచ్చుకున్నాను. ఒక్కసారైనా క్లాసంతా ప్రహరీ దగ్గరికి వెళ్లి, ఒక ఆకు ఎండకు పెట్టి చూడమన్నవాళ్లు లేరు. చూసుంటే నలభై ఏళ్ల వయసులో అరుగు ముందు నిలబడి మాటలు పడేదాన్ని కాదు.

మైలాపూర్‌లో చెట్టును ముట్టుకోలేదు. మా వీధిలో ఉండే తమిళావిడ, నా గోల విని, బీచ్ వైపు ఒక పాత కాలనీలో ఉన్న చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. కింద ఎండు కాయలు బోలెడు. ఎనిమిది ఏరుకొచ్చాను. పెంకుతో అలాగే పాతితే మొలకెత్తడానికి రెండు నెలల దాకా పడుతుంది, పెంకు తీసేస్తే మూడు వారాల్లో వస్తుందని చదివి, పచ్చడి బండతో పగలగొట్టాను. రెండు పప్పులు బండ కిందే నలిగిపోయాయి. ఆరు పాతితే నాలుగు మొలిచాయి. బాల్కనీలో ఒకదాన్ని కోతి పీకేసింది.

మూడింటినీ నిరుడు సంక్రాంతికి ఊరు తీసుకెళ్లాం. మామయ్య ఈసారి అరుగు దిగి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని, ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. "ఊఁ" అన్నాడంతే. ఒకటి గుడి వెనక, రెండు చెరువు గట్టున నాటారు. గట్టు మీదివాటిలో ఒకటి మేకల పాలైంది. గుడి వెనకది మోకాలెత్తు వచ్చిందని మొన్న అత్తయ్య ఫోన్లో చెప్పింది. నేను మొదట తెచ్చిన పున్నాగ, అదే ఆకాశమల్లె, ధ్వజస్తంభం ఎత్తుకు పోటీపడుతోందట. పొద్దున్నే ఊళ్లో ఆడపిల్లలంతా దాని కిందే ఉంటున్నారట.